ఇంటికి తగిన లౌడ్‌స్పీకరు: సంగీతానికి ఏది, హోం థియేటరుకు ఏది?

వేలూరు, గుడియాత్తం, పరదరామి, చిత్తూరు, పలమనేరు ప్రాంతాల గ్రామాలలో మైకుసెట్టు అనే మాట వినని ఇల్లు ఉండదు. గుడి మీద కట్టిన కొమ్ము స్పీకరు, పెళ్ళి పందిరిలో నిలబెట్టిన బాక్సులు, టీవీ కింద అమర్చే సౌండ్‌బారు, అయిదారు పెట్టెల హోం థియేటరు: ఇవన్నీ లౌడ్‌స్పీకర్లే. తెలుగులో ధ్వనివర్ధకమనీ, తమిళంలో ఒలిపెరుక్కి అనీ పిలిచే ఈ సాధనాలన్నిటి పని ఒకటే. విద్యుత్ సంకేతాన్ని ధ్వనిగా మార్చడమే ఆ పని. అయితే ఒక్కొక్కటి ఒక్కొక్క చోటు కోసం తయారైనది. వీధికి తగినది ఇంటికి తగదు. పెద్ద హాలుకు తగినది పదడుగుల గదికి తగదు.

మగ్గం మీద, సేద్యం మీద, పాల మీద వచ్చే ఆదాయంతో బతికే కుటుంబానికి మంచి లౌడ్‌స్పీకర్ల కొనుగోలు చిన్న ఖర్చు కాదు. ఒకసారి కొంటే పది పదిహేనేళ్ళు ఇంట్లో ఉండవలసిన వస్తువు అది. అట్టపెట్టె మీద వేసిన పెద్ద అంకెను చూసి కొన్నవారు తరువాత చింతించడం తరచుగా జరుగుతున్నది. లౌడ్‌స్పీకర్లను పోల్చి చూడవలసిన పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

లౌడ్‌స్పీకరు పనిచేసే విధానం

సాధారణ లౌడ్‌స్పీకరులో ఒక శాశ్వత అయస్కాంతం, దాని సందులో కదిలే తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు లేదా ప్లాస్టిక్ కోను ఉంటాయి. ఆంప్లిఫయరు నుండి వచ్చే విద్యుత్తు దిశ మారినప్పుడల్లా చుట్ట ముందుకు వెనుకకు కదులుతుంది. కోను గాలిని నెట్టుతుంది. ఆ కదలికే మన చెవికి ధ్వనిగా చేరుతుంది. తీగచుట్టను కాయిలు అంటారు. స్పీకరు కాలిపోయిందంటే చాలాసార్లు కాలినది ఈ కాయిలే.

మనిషి చెవి సెకనుకు 20 నుండి 20,000 కంపనాల వరకు, అంటే 20 నుండి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. వయస్సు పెరిగేకొద్దీ పై హద్దు తగ్గుతుంది. మృదంగం ఎడమ మూత, తవిలు మోత, సినిమాలోని ఉరుము కింది స్థాయివి. తాళాల మోగు, తంబురా జీర పై స్థాయివి. 50 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. 10,000 హెర్ట్జ్ తరంగం మూడున్నర సెంటీమీటర్లు కూడా ఉండదు. ఇంత తేడా ఉన్నందువల్ల ఒకే కోను అన్నిటినీ చక్కగా పలికించలేదు. అందుకే మంచి పెట్టెలో కింది స్థాయికి పెద్ద వూఫరు, పై స్థాయికి చిన్న ట్వీటరు, రెండింటికీ సంకేతాన్ని పంచే క్రాసోవరు అనే వలయం ఉంటాయి.

పెట్టె కూడా అలంకారం కాదు. కోను ముందుకు కదిలినప్పుడు వెనుక గాలి వ్యతిరేక దిశలో కదులుతుంది. ఆ రెండూ కలిస్తే కింది స్థాయి ధ్వని చాలావరకు రద్దవుతుంది. వెనుక ధ్వనిని ఆపడానికో, దారి మళ్ళించి వాడుకోవడానికో పెట్టె అవసరం. పెట్టె చెక్క పలుచగా ఉంటే అదే అదిరి తన సొంత మోతను పాటకు కలుపుతుంది. వేలితో తట్టినప్పుడు డబ్బా మోగినట్టు మోగితే ఆ పెట్టె మంచిది కాదు.

అట్టపెట్టె మీది అంకెలు

వాట్లు: అమ్మకందారులు ముందుగా చూపించేదీ, కొనేవారు ఎక్కువగా మోసపోయేదీ ఈ అంకెతోనే. పి.ఎం.పి.ఓ. అని వేసే వేల వాట్ల అంకెకు ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు; దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు. ఆర్.ఎం.ఎస్. అని రాసిన వాట్లనే చూడాలి. దానినీ సరిచూసుకునే సులభ మార్గం ఒకటి ఉన్నది. ఆంప్లిఫయరు వెనుక పలకపై అది కరెంటు నుండి ఎన్ని వాట్లు తీసుకుంటుందో ముద్రించి ఉంటుంది. 60 వాట్లు తీసుకునే యంత్రం నిలకడగా 100 వాట్లు ఇవ్వలేదు. బావిలో ఊరే నీటికంటే ఎక్కువ నీరు మోటారు తోడలేదు కదా.

సెన్సిటివిటీ: ఒక వాటు విద్యుత్తు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ళ ధ్వని వస్తుందో చెప్పే అంకె ఇది. వాట్ల కంటే ఇది ముఖ్యమైనది. ధ్వని 3 డెసిబెళ్ళు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 10 డెసిబెళ్ళు పెరగాలంటే పది రెట్లు కావాలి. కనుక 92 డెసిబెళ్ళ స్పీకరు ఇచ్చే ధ్వనిని 86 డెసిబెళ్ళ స్పీకరు ఇవ్వాలంటే దానికి నాలుగు రెట్ల వాట్లు పట్టుతాయి.

ఇంటికి నిజంగా ఎన్ని వాట్లు కావాలో దీనితో లెక్క కట్టవచ్చు. 86 డెసిబెళ్ళ స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే 3 మీటర్ల దూరంలో ఆరుబయట కూడా దాదాపు 76 డెసిబెళ్ళు వినిపిస్తుంది. మామూలు సంభాషణ 60 డెసిబెళ్ళ చుట్టూ ఉంటుంది. అంటే రోజూ పాట వినడానికి ఒక వాటు చాలు. మిగిలిన వాట్లు పాటలోని హఠాత్తు మోతలకు, సినిమాలోని పేలుళ్ళకు ఉపయోగపడతాయి. నిజాయితీ గల 30 నుండి 50 వాట్లు మధ్యతరగతి గదికి సమృద్ధిగా సరిపోతాయి.

ఓములు: ఇంటి స్పీకర్లు సాధారణంగా 4, 6 లేదా 8 ఓములవి. 8 ఓముల స్పీకర్లు రెండింటిని పక్కపక్కగా ఒకే జతకు కలిపితే 4 ఓములవుతుంది. ఆంప్లిఫయరు 4 ఓములను భరించగలదని రాసి ఉంటేనే అలా కలపాలి.

ఫ్రీక్వెన్సీ పరిధి: ‘20 నుండి 20,000 హెర్ట్జ్’ అని మాత్రమే రాసి ఊరుకుంటే ఆ మాటకు విలువ లేదు. ‘ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెళ్ళు’ వంటి హద్దు చెప్పినప్పుడే అది కొలతగా నిలుస్తుంది. నాలుగు అంగుళాల కోను గల చిన్న పెట్టె 20 హెర్ట్జ్ పలుకుతుందని ఎవరైనా చెప్పితే నమ్మరాదు.

ఉన్నత శ్రేణి స్పీకర్ల పోలిక

1915 సంవత్సరంలో అమెరికాలో పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అనే ఇద్దరు కొమ్ము స్పీకరుతో జనసమూహానికి వినిపించారు. 1925లో జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెలాగ్ అనే ఇంజినీర్లు కాయిలు, కోను గల నేటి పద్ధతిని వివరించారు. నేడు లక్షల రూపాయలకు అమ్మే పెట్టెలలో కూడా ఎక్కువ భాగం ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. తేడా అంతా కోనుకు ఇచ్చే ఇల్లు లోనూ, అది చూసే దిక్కులోనూ ఉన్నది.

క్లిప్ష్‌హార్న్: అమెరికాకు చెందిన పాల్ క్లిప్ష్ 1946లో తెచ్చిన రూపం. గది మూలలో పెడితే రెండు గోడలే కొమ్ము కొనసాగింపుగా పని చేస్తాయి. సెన్సిటివిటీ 105 డెసిబెళ్ళని తయారీదారు చెప్పుతారు. కొద్ది వాట్లతోనే సినిమా హాలంత ధ్వని వస్తుంది. కాని ఎదురెదురు గోడల మూలలు రెండూ తలుపు, బీరువా అడ్డు లేకుండా ఖాళీగా ఉండాలి. ఆ సౌకర్యం లేని ఇంట్లో దానికి పెట్టిన డబ్బు వృథా.

ఏ.ఆర్.-1: ఎడ్గార్ విల్చుర్ 1954లో రూపొందించిన మూసిన పెట్టె. లోపలి గాలినే స్ప్రింగుగా వాడి చిన్న పెట్టెలో లోతైన ధ్వనిని సాధించింది. అందుకు బదులుగా ఎక్కువ వాట్లు అడిగింది. ఇంటి లోపల పెట్టుకోగల చిన్న పెట్టెకు దారి చూపినది ఇదే. తరువాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లోను, రిచర్డ్ స్మాల్ 1970ల దశాబ్దంలోను రంధ్రం గల పెట్టెకు గణిత సూత్రాలు ఇచ్చారు. నేడు అంగడిలో కనిపించే రంధ్రం పెట్టెలన్నీ ఆ లెక్కలకు ఋణపడి ఉన్నాయి.

క్వాడ్ ఎలెక్ట్రోస్టాటిక్: 1957లో ఇంగ్లండులో వచ్చినది. దీనిలో కోను లేదు. అధిక వోల్టేజి మధ్య కదిలే పలుచని పొర ఉంటుంది. కంఠస్వరం, వీణ, వయొలిన్ స్వచ్ఛంగా పలుకుతాయని పేరు. కింది స్థాయి మోత తక్కువ. దుమ్ము, తేమ దీనికి పడవు కనుక మట్టి దారి పక్క ఇళ్ళకు ఇది అనువైనది కాదు.

బోస్ 901: బెంగాలీ స్వాతంత్ర్య ఉద్యమకారుని కుమారుడైన అమర్ బోస్ 1964లో అమెరికాలో సంస్థను స్థాపించి 1968లో దీనిని విడుదల చేశారు. తొమ్మిది కోనులలో ఎనిమిది వెనుక గోడ వైపు చూస్తాయి. హాలులో కూర్చున్నవారికి ధ్వని గోడల నుండి తిరిగి వస్తుందన్న గమనికే దీనికి మూలం. గోడ ఎలా ఉంటే స్పీకరు అలా పలుకుతుంది.

ఎల్.ఎస్.3/5ఏ: బి.బి.సి. వారు ప్రసార వాహనాలలో మాటను సరిచూసుకోవడానికి 1970ల దశాబ్దంలో రూపొందించిన అడుగు ఎత్తు పెట్టె. సెన్సిటివిటీ 83 డెసిబెళ్ళ చుట్టూ మాత్రమే. మనిషి గొంతు సహజంగా వినిపిస్తుంది, ఉరుము వినిపించదు. క్లిప్ష్‌హార్న్‌తో సమానమైన ధ్వనికి దీనికి నూరు రెట్లకు పైగా వాట్లు కావాలి. అయినా పదడుగుల గదిలో సుప్రభాతం వినదలచినవారికి ఈ రెండింటిలో చిన్నదే తగినది.

యూని-క్యూ: ఇంగ్లండుకు చెందిన కెఫ్ సంస్థ 1988లో ట్వీటరును వూఫరు నడుమనే అమర్చింది. రెండు ధ్వనులూ ఒకే చోటు నుండి వస్తాయి కనుక పక్కకు కూర్చున్నవారికి కూడా పాట చెదరదు. కుటుంబమంతా వరుసగా కూర్చుని వినే ఇంటికి ఈ గుణం మంచిది.

మన దేశంలో కలకత్తాలో 1970లో ప్రారంభమైన సోనోడైన్ సంస్థ ఇంటి స్పీకర్లను, స్టూడియో స్పీకర్లను తయారు చేసి పేరు తెచ్చుకున్నది. గుడి, బడి, సభలకు వాడే మైకుసెట్లలో 1940లో మొదలైన అహూజా పేరు గ్రామాలకు చిరపరిచితం.

పై ఉదాహరణలలో ఒక్కటీ అన్నిటా గొప్పది కాదు. ప్రతి నిర్మాత ఒక సమస్యను తీర్చి మరొకదానిని వదులుకున్నారు. కనుక ‘ఏది గొప్పది’ అన్న ప్రశ్న కంటే ‘మన గదికి, మనం వినేదానికి ఏది తగినది’ అన్న ప్రశ్నే కొనేవారికి ఉపయోగపడుతుంది.

గది ప్రభావం

స్పీకరు ఎంత మంచిదైనా చివరికి వినిపించేది గదితో కలిసిన ధ్వనియే. మిద్దె ఇంట్లో నున్నని సిమెంటు గోడలు, టైల్సు నేల, పైన కాంక్రీటు కప్పు ఉంటాయి. చప్పట్లు కొడితే ‘టింగ్’ మని ప్రతిధ్వని వినిపిస్తుంది. ఆ గదిలో ట్వీటరు ధ్వని చెవిలో గుచ్చుకుంటుంది. మాటలు ఒకదానిమీద ఒకటి పడతాయి. పాత పెంకుటింట్లో కప్పు వాలుగా, సందులతో ఉండటం వల్ల ఈ బాధ తక్కువ. కాని ధ్వని బయటికి సులభంగా పోతుంది.

గది కొలతలు కింది స్థాయిని శాసిస్తాయి. 12 అడుగుల పొడవు గల గదిలో దాదాపు 47 హెర్ట్జ్ వద్ద, 10 అడుగుల వెడల్పుకు దాదాపు 56 హెర్ట్జ్ వద్ద గాలి తనంతట తాను ఊగుతుంది. ఆ స్థాయి మోత ఒక చోట మితిమీరి, మరొక చోట మాయమవుతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు సమానంగా ఉన్న గదిలో ఈ దోషాలన్నీ ఒకేచోట చేరుతాయి. చిన్న గదికి పెద్ద వూఫరు కొంటే మోత పెరుగుతుంది, పాట పెరగదు.

నివారణకు పెద్ద ఖర్చు అక్కరలేదు. నేలమీద జంపఖానా, కిటికీలకు దళసరి తెరలు, ఒక గోడకు పుస్తకాల అర, పరుపు గల మంచం ఉంటే చాలు. గుడియాత్తం మగ్గాల ఊరు. దళసరి గుడ్డకు అక్కడ కొరత లేదు. స్పీకర్లను మూలలలో ఇరికించరాదు. వెనుక గోడకు ఒకటి రెండు అడుగుల ఎడం ఇవ్వాలి. ట్వీటరు కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి. రెండు పెట్టెలు, వినేవారు కలిసి సమభుజ త్రిభుజంగా ఉండాలి. ఈ అమరికకు ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఫలితం మాత్రం స్పీకరు మార్చినంత ఉంటుంది.

సంగీతానికా, సినిమాకా?

సంగీతానికి రెండు పెట్టెలు చాలు. ఘంటసాల కాలపు సినిమా పాటలు చాలావరకు మోనో పద్ధతిలో రికార్డయినవి. ఆయన 1974లో మరణించారు. ఆ పాటలను ఆరు పెట్టెలలో వినిపించినా అదనంగా వచ్చేది ఏమీ లేదు. స్టీరియో పాటలకు సరిపడేది రెండే. అదే డబ్బును ఆరు భాగాలు చేస్తే ఆరు నాసి పెట్టెలు, రెండు భాగాలు చేస్తే రెండు మంచి పెట్టెలు వస్తాయి.

సినిమా లెక్క వేరు. 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డి.టి.ఎస్. పద్ధతులు థియేటర్లలో ప్రవేశించి 5.1 అమరికను వాడుకలోకి తెచ్చాయి. ముందు ఎడమ, నడుమ, కుడి, పక్కలకు రెండు, మోతకు ఒక సబ్‌వూఫరు. 2012లో వచ్చిన డాల్బీ అట్మాస్ పైకప్పు నుండి కూడా ధ్వనిని దింపింది. ఈ అమరికలో కథను మోసేది నడుమ పెట్టె. సంభాషణలు దాదాపుగా అందులోనే వస్తాయి. ‘బాంబులు వినిపిస్తున్నాయి, మాటలు వినిపించడం లేదు’ అని ఇంటి పెద్దలు చెప్పితే లోపం చాలాసార్లు నడుమ పెట్టెలోనో, దాని అమరికలోనో ఉంటుంది. దానిని టీవీ బల్ల అరలో లోతుగా దూర్చరాదు. అంచుకు జరిపి చెవి వైపు తిప్పాలి.

సౌండ్‌బారు టీవీ సొంత స్పీకర్ల కంటే మాటను స్పష్టంగా ఇస్తుంది, చోటు తక్కువ తీసుకుంటుంది. కాని ఎడమ కుడి పెట్టెలు దగ్గరగా ఉండటం వల్ల పాటకు వెడల్పు రాదు. తెలుగు, తమిళ వార్తలు, ధారావాహికలు ప్రధానంగా చూసే ఇంటికి అది చాలు. పాటలు ప్రధానమైన ఇంటికి మంచి జత పెట్టెలు కావాలి. రెండూ కావాలనుకునేవారు ముందుగా జత పెట్టెలు, హోం థియేటరు రిసీవరు కొని, నడుమ పెట్టెను, సబ్‌వూఫరును తరువాతి సంవత్సరాలలో చేర్చుకోవచ్చు. ఒక్కసారిగా అప్పు చేయనక్కరలేని మార్గమిది.

సబ్‌వూఫరుకు చోటు వెతికే ఉపాయం ఒకటి ఉన్నది. దానిని మనం కూర్చునే చోట పెట్టి, మోత గల పాట వేసి, గోడల వెంబడి వంగి నడుస్తూ వినాలి. మోత మితంగా, స్పష్టంగా వినిపించిన చోటే సబ్‌వూఫరుకు తగిన చోటు.

తిరునాళ్ళకు కొమ్ము, ఇంటికి పెట్టె

ధర్మరాజుల గుళ్ళలో భారతం జరిగే రోజులలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఊరంతటికీ వినిపించాలి. గుడియాత్తంలో వైకాసి మాసం మొదటి రోజున, అంటే మే నడుమ, గంగమ్మ శిరస్సు ఉత్సవానికి జనం పెద్దయెత్తున చేరుతారు. అక్కడ కొమ్ము స్పీకరు పని గొప్పది. కొద్ది వాట్లను దూరానికి మోయడమే దాని బలం. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెళ్ళు తగ్గుతుంది కనుక సెన్సిటివిటీ ఎక్కువ గల కొమ్మే అక్కడ పనికి వస్తుంది. మాట స్పష్టతకు ముఖ్యమైన 1,000 నుండి 4,000 హెర్ట్జ్ వరకు అది బిగ్గరగా పలుకుతుంది. సుమారు 300 హెర్ట్జ్ కిందికి అది పలకదు. అందుకే దానిలో ప్రకటన అర్థమవుతుంది, మృదంగం మాత్రం డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది.

గుడి కమిటీలు గమనించవలసిన విషయం మరొకటి ఉన్నది. దూరపు కొమ్ములకు 100 వోల్టుల లైను వాడుతారు. కొమ్ములన్నిటి వాట్ల మొత్తం ఆంప్లిఫయరు వాట్లను మించరాదు. ఆ తీగలలో షాకు కొట్టేంత వోల్టేజి ఉంటుంది కనుక అతుకులకు టేపు చుట్టాలి. చేతికి అందే ఎత్తులో వదలరాదు.

అంగడిలో పరీక్ష

వేలూరులో గాని, చిత్తూరులో గాని, చెన్నై, బెంగుళూరులలో గాని కొనేటప్పుడు తెలిసిన పాటలనే వెంట తీసుకొని వెళ్ళాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతంలో గొంతు ముక్కుతో పలికినట్టు ఉండరాదు. షేక్ చినమౌలానా నాదస్వరంలో పై స్వరాలు చెవిని కోయరాదు. తవిలు దెబ్బ దెబ్బగా వినిపించాలి, మోతగా సాగరాదు. సినిమాలో గుసగుసగా మాట్లాడే సన్నివేశం చూడాలి. పోరాట సన్నివేశం వేసి చూపడం అమ్మేవారి పద్ధతి.

రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు రెండింటి ధ్వని స్థాయి సమానంగా ఉండాలి. కొంచెం బిగ్గరగా ఉన్నదే మంచిదని చెవి భ్రమపడుతుంది. బాస్, ట్రెబుల్ మీటలను నడుమ ఉంచమని అడగాలి. అరగంట విన్న తరువాత కూడా చెవి అలసిపోకుండా ఉంటే ఆ స్పీకరు ఇంటికి తగినది. వీలైతే ఇంటికి తెచ్చి విని, నచ్చకపోతే మార్చుకునే షరతును బిల్లు మీదే రాయించుకోవాలి.

తీగలు, కరెంటు

స్పీకరు తీగలకు వేలు పోయనక్కరలేదు. ఇరవై అడుగుల దూరానికి ఇంటి వైరింగులో వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. ప్లస్ ప్లస్‌కు, మైనస్ మైనస్‌కు కలపాలి. ఒక పెట్టెకు తలకిందులుగా కలిపితే మోత తగ్గి, గొంతు గది నడుమ నిలవక చెదరుతుంది. కొత్తగా కొన్నవారు ‘బాస్ లేదు’ అన్నప్పుడు ముందుగా చూడవలసింది ఇదే.

గ్రామాలలో 230 వోల్టులు నిలకడగా రావు. ఆంప్లిఫయరుకు స్టెబిలైజరు, ఎర్తు గల మూడు పిన్నుల ప్లగ్గు తప్పనిసరి. పిడుగులు పడే వేళ ప్లగ్గు, కేబులు తీగ రెండూ తీసివేయాలి. చవక ఇన్వర్టరుతో నడిపితే గుర్రుమనే ధ్వని వినిపించవచ్చు. చిన్న ఆంప్లిఫయరును చివరి వరకు తిప్పి వాడితే ధ్వని చీలుతుంది. ఆ చీలిన ధ్వని ట్వీటరును కాల్చివేస్తుంది. స్పీకర్లు పెద్ద ఆంప్లిఫయరు వల్లనే కాలుతాయనుకోవడం పొరపాటు.

బిల్లు, వారంటీ, సరిహద్దు

ఆంధ్రలో 2005లో, తమిళనాడులో 2007లో వ్యాట్ వచ్చింది. ఆ కాలంలో పన్ను రాష్ట్రానిది కనుక సరిహద్దు దాటితే ధర తగ్గుతుందన్న ఆశకు చోటుండేది. 2017 జులై 1 నుండి జి.ఎస్.టి. అమలులోకి వచ్చింది, ఒక వస్తువుకు రెండు రాష్ట్రాలలోనూ పన్ను రేటు ఒకటే. ఇప్పుడు పన్ను కోసం సరిహద్దు దాటడంలో లాభం లేదు. ‘బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం’ అన్న మాటకు లొంగితే పోయేది వారంటీ.

చూడవలసింది సర్వీసు కేంద్రం ఎక్కడ ఉన్నదన్నది. ఇరవై కిలోల సబ్‌వూఫరును బస్సులో చెన్నైకి మోసుకొని వెళ్ళవలసి వస్తే వారంటీ ఉండీ లేనట్టే. కొనేముందే ఆ కేంద్రం చిరునామా అడిగి తెలుసుకోవాలి. బిల్లు మీద మోడలు, సీరియల్ నంబరు, తేదీ ఉండాలి.

వస్తువు లోపభూయిష్టమైతే 2020 జులై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సరిహద్దు కుటుంబాలకు మేలు చేసింది. వేలూరులో కొన్న చిత్తూరు జిల్లా నివాసి తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. గుడియాత్తం నివాసి చిత్తూరులో కొన్నా అంతే. చెల్లించిన మొత్తం 5 లక్షల వరకు ఉంటే రుసుము లేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915.

చట్టం, చెవి

శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు ప్రమాణం. రాత్రి అంటే 10 గంటల నుండి ఉదయం 6 వరకు. ఇంట్లో సొంతంగా వాడే స్పీకరు ధ్వని ఆ ఇంటి హద్దు వద్ద ప్రమాణం కంటే 5 డెసిబెళ్ళకు మించి పెరగరాదు. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరుకు అధికారుల లిఖితపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 తరువాత వాడరాదు; పండుగలకు ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉన్నది. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల ప్రాంతాన్ని నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. ఇతరుల శాంతికి భంగం కలిగించే హక్కు ప్రార్థన పేరుతో కూడా రాదని చెన్నైకి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2000లో స్పష్టం చేసింది. 2005 జులై తీర్పులో రాత్రి నిషేధాన్ని మరింత గట్టిగా చెప్పింది. ఈ నియమాలు కేంద్రానివి. సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే.

పక్కింట పదో తరగతి, ప్లస్‌టూ పరీక్షలకు చదివే పిల్లలు ఉన్నప్పుడు చట్టం కంటే ముందు మనమే గుర్తుంచుకోవలసిన విషయమిది. సబ్‌వూఫరు మోత గోడల గుండా, నేల గుండా పోతుంది. తలుపు మూసినంత మాత్రాన ఆగదు. రాత్రి వేళ సబ్‌వూఫరు మీటను తగ్గించడం మంచి పొరుగుతనం.

చెవి సంగతి మరింత ముఖ్యమైనది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెళ్ళు, పిల్లలకు 75. ప్రతి 3 డెసిబెళ్ళకు కాలం సగమవుతుంది: 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. పెళ్ళి బాక్సుల ముందు చిన్న పిల్లలను కూర్చోబెట్టడం ఈ లెక్కన ఎంత ప్రమాదమో గ్రహించవచ్చు. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు ఒకసారి నశిస్తే తిరిగి మొలవవు. చెవిలో గుయ్యిమనే శబ్దం మరునాటికి కూడా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యులకు చూపాలి. 1900లో ఐడా స్కడర్ ప్రారంభించిన వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిలోను, అడుక్కంపారై ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోను ఆ విభాగాలు ఉన్నాయి.

కొనేముందు అడగవలసిన ప్రశ్నలు

1. ఇంట్లో ఎక్కువగా వినేది పాటా, సినిమానా, వార్తలా?
2. గది పొడవు, వెడల్పు ఎంత? నేల, గోడలు ప్రతిధ్వని ఇస్తాయా?
3. సెన్సిటివిటీ, ఓములు, ఆర్.ఎం.ఎస్. వాట్లు రాతలో ఉన్నాయా?
4. తెలిసిన పాటతో, సమాన స్థాయిలో, అరగంట విన్నామా?
5. సర్వీసు కేంద్రం ఎంత దూరం? బిల్లు పక్కాగా ఉన్నదా?
6. ఇరుగుపొరుగు నిద్రకు, పిల్లల చదువుకు భంగం లేకుండా వాడగలమా?

ఈ ఆరింటికి జవాబు దొరికిన కుటుంబం పెద్ద పేరు గల పెట్టె కొన్నా, చిన్న పేరు గల పెట్టె కొన్నా నష్టపోదు. డబ్బు తక్కువైతే పెట్టెల సంఖ్య తగ్గించాలి గాని పెట్టె నాణ్యత తగ్గించరాదు. రెండు మంచి పెట్టెలు, వాటికి సరైన చోటు, ఒక జంపఖానా: మొదటి మెట్టుకు ఇంతకు మించి అవసరం లేదు.